బొమ్మకారులో అయిపోయిన సెల్లు గడియారంలో ఎలా నడుస్తుంది?

కిరాణా కొట్లో చవగ్గా దొరికే పెన్సిల్ సెల్లు సాధారణంగా జింకు-కార్బన్ రకం. ఈ సెల్లు గోడ గడియారంలో నెలల తరబడి నడుస్తుంది. బొమ్మకారులో వేస్తే గంటల్లోనే నీరసిస్తుంది. ఎందుకు?

గడియారానికి సగటున ఒక్క మిల్లీ ఆంపియరు కూడా అక్కర్లేదు. కారు మోటారు వందల మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. సెల్లులో జింకు డబ్బాయే రుణధ్రువం. నడుమ కార్బన్ కడ్డీ, దాని చుట్టూ మాంగనీస్ డయాక్సైడ్ కలిసిన నల్లటి ముద్ద. కరెంటు కోసం జింకు కరగాల్సింది డబ్బా లోపలి గోడ మీదే. అంత తక్కువ చోటు నుంచి ఎక్కువ కరెంటు లాగితే ఓల్టేజీ పడిపోతుంది. మోటారు ఆగిపోతుంది కానీ లోపల సరుకు ఇంకా మిగిలే ఉంటుంది. ఆ సెల్లునే గడియారంలో వేసి చూడండి, చాలాసార్లు ముల్లు కదులుతుంది!

ఈ చిక్కు తీర్చడానికి 1950లలో కెనడా ఇంజనీరు లూయిస్ అర్రీ జింకును డబ్బాగా కాక పొడిగా వాడి చూశాడు. ముద్ద బెల్లం కన్నా దంచిన బెల్లం నీళ్లలో త్వరగా కరుగుతుంది కదా, తగిలే చోటు పెరిగింది కాబట్టి! పొడి జింకుకు పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం తోడైంది. అదే ఆల్కలైన్ సెల్లు. తర్వాత లిథియం-ఐరన్ డైసల్ఫైడ్ సెల్లులు వచ్చాయి. కెమెరా ఫ్లాష్ లాంటివాటికి ఇవి ఇంకా మేలు, ధర మాత్రం ఎక్కువ.

గడియారానికి చవక సెల్లు చాలు, బొమ్మకారుకు ఆల్కలైన్ కొనండి. పాతదీ కొత్తదీ కలిపి మాత్రం వేయకండి. పాతది కారి బొమ్మ పాడవ్వచ్చు.