రొయ్యల చెరువులో బెల్లము

మనలో కొందరికి నెల్లూరు, గోదావరి తీరములయందు బంధువులుందురు. సెలవులలో అచ్చటికి పోయినవారు రొయ్యల చెరువులో బెల్లపు నీళ్లు పోయుట చూచియుందురు. రొయ్య తీపి తినునా యని నవ్వవలదు. ఆ బెల్లము రొయ్యకు గాదు. కంటికి కానరాని సూక్ష్మజీవులకు. ఇట్టి విషయములను శోధించుటకు 1987లో స్థాపితమైన కేంద్రీయ ఉప్పునీటి జలకృషి పరిశోధన సంస్థ మన నగరముననే, రాజా అన్నామలైపురమునందు కలదు. ముట్టుకాడులో దానికి ప్రయోగక్షేత్రమున్నది.

లెక్క చూడుడు. నూటికి 35 పాళ్లు మాంసకృత్తులుగల మేత ఒక కిలో వేసితిమనుకొందము. మాంసకృత్తులలో నత్రజని నూటికి 16 పాళ్లు; కావున ఆ మేతలో 56 గ్రాముల నత్రజని యున్నది. రొయ్య ఒంటబట్టునది అందు సుమారు నాల్గవవంతు, అనగా 14 గ్రాములు. తక్కిన 42 గ్రాములు నీటిపాలే! మలముగను, తినక విడిచిన మేత కుళ్లుటచేతను అందు చాలభాగము అమ్మోనియాగా మారును. అది హెచ్చినచో రొయ్యలు చచ్చును. నీరు మార్చి వదలినచో ఆ మురికి కాలువలో పడి పొరుగువాని చెరువు చేరును.

సూక్ష్మజీవులు ఈ అమ్మోనియాను గ్రహించి తమ దేహమున మాంసకృత్తులుగా మార్చుకొనగలవు. అయితే వాని దేహమునకు ఒక పాలు నత్రజనితోపాటు నాలుగైదు పాళ్లు కర్బనము కావలెను. తిన్న కర్బనములో సగమునకు పైగా శ్వాసకే ఖర్చగును. మేతలోని కర్బనము చాలదు. ఆ లోటును బెల్లము, మొలాసిస్, తౌడు తీర్చును. ఇజ్రాయేలు శాస్త్రజ్ఞుడు యోరమ్ అవ్నిమెలెక్ 1999లో ప్రకటించిన లెక్క ప్రకారము ఒక గ్రాము అమ్మోనియా నత్రజనికి సుమారు 20 గ్రాముల చక్కెర లేక పిండిపదార్థము వలయును. ఇట్లు పెరిగిన జీవులు గుంపులుగా కూడి, దూదిపింజలవలె నీట తేలును. ఇదియే బయోఫ్లాక్. దీనిని రొయ్యలు తినును. విషము మరల మేతయైనది గదా!

ఇందొక పెద్ద చిక్కు కలదు. బెల్లము తిన్న సూక్ష్మజీవులు ప్రాణవాయువును విరివిగా పీల్చును. అందుచే రేయింబవళ్లు ఏరేటర్లు తిరుగవలెను. రాత్రివేళ విద్యుత్తు ఆగి, జనరేటరు మొరాయించినచో, పింజలు దట్టముగానున్న చెరువులో కొద్దిసేపటికే రొయ్యలు ఊపిరాడక చచ్చును. అప్పుచేసి పెంచిన పంట తెల్లవారునప్పటికి ఉండదు. కావున అమ్మోనియాను, ప్రాణవాయువును రెంటిని పరీక్షించి, లెక్కగట్టి, కొద్దికొద్దిగా పోయవలెను. జనరేటరు లేని రైతు పొరుగువానిని చూచి బెల్లము బుట్టలు గుమ్మరించుట సాహసమే యని నా తలంపు.