రాత్రివేళ డయాలిసిస్ యంత్రము: ఒక కర్షకగృహపు అనుభవము

ఈ పత్రికయందు విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు వ్రాయుచుండు నేను ఈ మాసమున దేహమను క్షేత్రమును గూర్చి నాలుగు మాటలు విన్నవింపదలచితిని. మా యన్నగారు నర్సంపేట ప్రాంతమున, పాకాల చెరువు ఆయకట్టున మూడెకరముల వరియు, మెట్టయందు రెండెకరముల ప్రత్తియు పండించు కర్షకులు. చక్కెరవ్యాధియు, రక్తపుపోటును గలసి వారి మూత్రపిండములను చెరచినవి. రెండేండ్లు చేతితోనే ఇంట డయాలిసిస్ చేసికొని, గడచిన వేసవియందు రాత్రివేళ నడచు యంత్రమునకు మారిరి. ఇట్టి యిక్కట్టు మరి యే సభ్యుని యింటికైనను రావచ్చును. కావున మేము నేర్చినది దాచక చెప్పుట నా విధి.

మూత్రపిండములు పని మానినపుడు రక్తమందలి మాలిన్యమును, అధికజలమును వెలికి తీయుటకు రెండు మార్గములు గలవు. మొదటిది ఆసుపత్రియందు రక్తమును యంత్రముగుండ నడపి శుద్ధిచేయుట. దీనికై సాధారణముగా వారమునకు మూడు దినములు, దినమునకు నాలుగు గంటలు అచ్చట నుండవలెను. రెండవది పెరిటోనియల్ డయాలిసిస్. ఉదరము లోపల ప్రేవులను కప్పియుండు పెరిటోనియము అను పలుచని పొర యొకటి కలదు. ఉదరమున నొక మెత్తని గొట్టము నమర్చి, దానిగుండ చక్కెర కలిసిన శుద్ధద్రవమును రెండు లీటర్ల వరకు లోనికి విడుతురు. మామిడిముక్కలపై ఉప్పు చల్లినచో వానినుండి నీరూరుట మన యాడువారెల్లరు నెరిగినదే. అటులనే ద్రవమందలి చక్కెర రక్తమునుండి నీటిని లాగును. మాలిన్యములును పొరగుండ ద్రవమున చేరును. నాలుగైదు గంటల పిమ్మట తూము తీసి మడినీరు వదలినట్లు ఆ ద్రవమును వెలికి వదలి, క్రొత్తది నింపుదురు.

ఈ పద్ధతి యొకనాటిది గాదు. 1923 లో జర్మనీ దేశమున గాంటర్ అను వైద్యుడు దీనిని మొదట మనుష్యునియందు ప్రయోగించెను. 1968 లో అమెరికాయందు టెంకాఫ్ అను వైద్యుడు చిరకాలము నిలుచు గొట్టమును రూపొందించెను. 1976 లో పోపోవిచ్, మాన్‌క్రీఫ్ అనువారు రోగి తిరుగాడుచునే దినమెల్ల డయాలిసిస్ జరుపుకొను విధానమును వెల్లడించిరి. తరువాత కెనడాయందు ఒరియోపౌలోస్ అను వైద్యుడు గాజుసీసాలకు మారుగా ప్లాస్టిక్ సంచులను వాడుకలోనికి తెచ్చుటచే ఇంట చేసికొనుట సులభమయ్యెను.

చేతిపద్ధతి మాకు మేలే చేసినది. వరంగల్లునకు గాని, దూరమందలి హైదరాబాదునకు గాని మాటిమాటికి పోవలసిన పని తప్పినది. అయినను దినమునకు నాలుగుమారులు, మారునకు అరగంటకు పైగా, ద్రవమును మార్చవలెను. ఉదయపుమార్పు ముగించి పొలము చేరునప్పటికే నాట్లుకూలీలు సగము పని చేసియుందురు. మధ్యాహ్నపుమార్పునకు మరల ఇల్లు చేరవలెను. ప్రత్తియేరు దినములలో నొకనాడు మా యన్న ఇంటికి పోవుటకు బద్ధకించి, చేనిలోని పాకయందే సంచి మార్చెను. చేతులు సరిగా కడుగలేదు. గాలికి దుమ్ము రేగుచుండెను. మూడవనాటికి కడుపునొప్పియు, జ్వరమును తోచెను. వెలికివచ్చిన ద్రవము బియ్యము కడిగిన నీటివలె మసకబారెను. పెరిటోనియమునకు చీము సోకినదనుటకు అదియే గుర్తు. ఆ సంచినే చేతబట్టుకొని ఆసుపత్రికి పరుగెత్తితిమి. ద్రవములోనే మందు కలిపి ఇచ్చుటచే ప్రాణమును, గొట్టమును రెండును దక్కినవి. ఒకదినము జాగుచేసినచో ఏమయ్యెడిదో తలచుటకే భయమగుచున్నది.

పిమ్మట వైద్యులు నాలుగుగంటల పరీక్షయొకటి జరిపి, అన్నగారి పొర చక్కెరను త్వరగా పీల్చివేయు స్వభావము గలదని తేల్చిరి. ఇసుకనేలయందు నీరు నిలువనట్లే, అట్టివారి యుదరమున ద్రవము చాలసేపున్నచో చక్కెర రక్తములోనికి పోయి, నీరు లాగు శక్తి నశించును. కావున స్వల్పకాలపు మార్పులను రాత్రివేళ పెక్కుమారులు చేయు యంత్రము వారికి తగునని చెప్పిరి. ఆయుర్దాయము విషయమున యంత్రము చేతిపద్ధతికంటె మిన్నయని నిశ్చయముగా రుజువుకాలేదని కూడ వారే నిజము పలికిరి. పొరయొక్క స్వభావము, పని, ఇంటివసతి చూచి ఎన్నుకొనవలసినదేగాని, యంత్రమనినంతనే మోహపడరాదు.

ఇప్పటి క్రమమిది. రాత్రి తొమ్మిది గంటలకు మా వదినెగారు గది తలుపులు మూసి, పంకా నిలిపి, ముఖమునకు గుడ్డకట్టుకొని, చేతులు సబ్బుతో కడిగి, సంచులను యంత్రమునకు తగిలింతురు. యంత్రము ద్రవమును దేహోష్ణమునకు వెచ్చజేసి, లోనికి విడిచి, గంటకు పైగా నిలిపి, వెలికి తీసి, కొలిచి, మరల నింపును. తొమ్మిది గంటలలో నిట్లు నాలుగైదుమారులు జరుగును. ఉదయము ఆరుగంటలకు గొట్టము విప్పినచో పగలంతయు స్వేచ్ఛ. కొందరికి పగటిపూట కడుపున కొంత ద్రవము నిలిపియుంచుట అవసరము. అది వైద్యుని నిర్ణయము.

మొదటి రెండువారములు మాత్రము యంత్రమును తిరిగి పంపివేయుదమనియే అనుకొంటిమి. అన్న పక్కకు ఒత్తిగిలినచో గొట్టము నలిగి గంట మ్రోగును. మలబద్ధమున్నచో ద్రవము సరిగా దిగక మరల గంట. వదినెగారికి కన్ను మూతపడలేదు. పిమ్మట గొట్టమును మంచముప్రక్క వంపులేకుండ అమర్చితిమి. వైద్యుని సలహాతో విరేచనము సాఫీగా నగునట్లు చూచితిమి. గంటలు తగ్గినవి. ఒక వానరాత్రి కరెంటు పోగా, ఇన్వర్టరు చాలక యంత్రము నిలిచినది. చేతిపద్ధతి మరువనందున ఆ రాత్రి గడచినది.

నష్టములును గలవు. తొమ్మిదిగంటలు మంచమునకు కట్టుబడియుండవలెను. అడవిపందుల కావలికి అన్న పోలేడు. ఆ పని ఇప్పుడు వారి కుమారునిది. 2018 కి పూర్వము రాత్రి కరెంటు వంతులకై మేల్కొని, టార్చిలైటుతో మోటారు చెంతకు నడచినవారు మా యన్న. “తమ్మీ, అప్పుడు మడికి నీళ్లు పెట్టుటకు మేల్కొంటిని, ఇప్పుడు నాకు నీళ్లు పెట్టించుకొనుచు పండుకొంటిని” అని నవ్వుదురు. ఈ వానకాలము నాట్లనాడు మాత్రము కూలీలకంటె ముందుగా గట్టుపై నిలిచియుండుట కన్నులార చూచితిని.

ఈ మార్పు తలపెట్టువారికి మా సూచనలు:

1. యంత్రము వచ్చినను చేతిపద్ధతిని మరువకుడు. దానికి వలయు సంచులు కొన్ని ఇంట నుంచుడు.

2. వెలికివచ్చు ద్రవమును ప్రతిదినము చూడుడు. మసకబారినచో ఆ సంచితోనే వెంటనే ఆసుపత్రికి పోవుడు.

3. పురుగుమందులు, ఎరువులు, ధాన్యపుబస్తాలు ఆ గదియందు నుంచరాదు. కోళ్లు, కుక్కలు రారాదు.

4. ద్రవమందలి చక్కెర రక్తమున చేరును. మధుమేహులు తమ మందు మోతాదును వైద్యునిచే సరిచూపించుకొనవలెను.

5. వ్యయమును ముందే తెలిసికొనుడు. కేంద్రప్రభుత్వపు జాతీయ డయాలిసిస్ పథకము 2016 లో మొదలై, 2019 లో పెరిటోనియల్ పద్ధతికిని మార్గదర్శకములు వెలువరించినది. అయినను మీకు యంత్రపు సంచులు లభించునా లేదా యని ఆసుపత్రియందు స్పష్టముగా అడుగవలెను.

శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున కొబ్బరి, జీడి తోటల నడుమ బ్రదుకు కర్షకులు ఎందరో మూత్రపిండవ్యాధికి లోనగుట లోకవిదితము. దాని హేతువు ఇంకను పూర్తిగా తేలలేదు. మనచేతనున్న జాగ్రత్త మనము తీసికొందము. నడుమునొప్పికని అంగడినుండి బిళ్లలు కొని నిత్యము మ్రింగుట మానుడు. నలువదేండ్లు దాటినవారు రక్తపుపోటు, చక్కెర, మూత్రము పరీక్షింపించుకొనుడు.

కడపట నొక మనవి. మాసమునకు వలయు ద్రవపుపెట్టెలు ఒక గదిమూల నిండును. వానిని చేరవేయుటయు భారమే. ఎరువులకై సంఘపుబండి వరంగల్లు పోవునపుడు తిరుగుప్రయాణమున, బస్తాలు దించి తుడిచిన పిమ్మట, ఇట్టి పెట్టెలను తెచ్చియిచ్చుటకు సభ్యులు సమ్మతించినచో సంఘమునకు వ్యయము స్వల్పము. ఒక కుటుంబమునకు మాత్రము అది కొండంత తోడ్పాటు.