రాత్రి 80, తెల్లారేసరికి 35.. మీ ఫోన్ ఛార్జింగ్‌ను తాగేస్తున్న యాప్ ఏది?

పొద్దున్నే ప్రొద్దుటూరు బస్టాండ్‌లో కండక్టర్‌కు టికెట్ చూపిద్దామని ఫోన్ తీశారు. ఛార్జింగ్ 35 శాతం! రాత్రి పడుకునేటప్పుడు 80 ఉంది, ఫోన్‌ను ఎవరూ ముట్టుకోలేదు. టికెట్, ఓటీపీ, యూపీఐ, ఆపదలో 112కు కాల్.. అన్నీ ఫోన్‌తోనే. పులివెందుల చేరేలోపే అది ఆగిపోతే ఇబ్బందే. కారణం ఏ యాపో మీరే తేల్చుకోవచ్చు.

అసలేం జరుగుతోంది?

స్క్రీన్ ఆపితే ఫోన్ కూడా నిద్రలోకి వెళ్లాలి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఇందుకు 'డోజ్' అనే ఏర్పాటు ఉంది. అయితే కొన్ని యాప్‌లు ప్రాసెసర్‌ను నిద్రపోనివ్వవు. దీన్ని 'వేక్ లాక్' అంటారు. పాటలు వినేటప్పుడు ఇది అవసరమే. పని అయ్యాక కూడా వదలకపోతేనే సమస్య. పదేపదే లొకేషన్ అడిగే యాప్‌లదీ ఇదే తీరు.

ఎలా కనిపెట్టాలి?

* సెట్టింగ్స్‌లో 'బ్యాటరీ', ఆ తర్వాత 'బ్యాటరీ యూసేజ్' తెరవండి. శాతం ఒక్కటే చూసి నిర్ణయానికి రావొద్దు. రెండు గంటలు వీడియోలు చూస్తే ఆ యాప్ పైన ఉండటం సహజం. మీరు 5 నిమిషాలే వాడిన యాప్ బ్యాక్‌గ్రౌండ్‌లో 3 గంటలు నడిచిందంటే అనుమానించాల్సిందే.
* రాత్రి పడుకునే ముందు, లేవగానే శాతం రాసుకోండి. మర్నాడు అనుమానమున్న ఒక్క యాప్‌నే 'రెస్ట్రిక్టెడ్'లో పెట్టి మళ్లీ చూడండి. తేడా కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే కారణం తెలియదు.

లొకేషన్ ఎప్పుడూ ఇవ్వాలా?

అక్కర్లేదు. ఉదాహరణకు ఏపీఎస్ఆర్టీసీ లైవ్ ట్రాక్ లాంటి యాప్‌లలో బస్సు ఎక్కడుందో చెప్పేది బస్సులోని పరికరం, మీ ఫోన్ కాదు. అందుకే ఇలాంటివాటికి 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అన్న అనుమతి చాలు. 

అన్నింటినీ ఆపేయొచ్చా?

వద్దు. 'రెస్ట్రిక్టెడ్'లో పెట్టిన యాప్ నుంచి నోటిఫికేషన్లు ఆలస్యంగా రావొచ్చు, రాకపోవచ్చు కూడా. మెసేజింగ్, ఆరోగ్యం, అత్యవసర సాయం యాప్‌ల జోలికి వెళ్లకండి. బ్యాటరీ ఆదా చేస్తామనే యాప్‌లూ అవసరం లేదు. అవీ బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచేవే.

తప్పు యాప్‌ది కాకపోతే?

జమ్మలమడుగు దాటి కొండల వైపు వెళ్లినప్పుడు సిగ్నల్ బలహీనంగా ఉంటే, టవర్‌ను అందుకోవడానికి ఫోన్ ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుంది. కడప జిల్లా ఎండలు 40 డిగ్రీలు దాటే రోజుల్లో ఫోన్‌ను బైక్ హ్యాండిల్‌పైనో, కారు డ్యాష్‌బోర్డుపైనో వదిలేస్తే బ్యాటరీ ఆయుష్షు శాశ్వతంగా తగ్గుతుంది. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే ఛార్జింగ్ పెట్టకుండా మార్పించండి.

ఇది మాత్రం వదిలేయొద్దు

జాబితాలో మీరు ఎప్పుడూ చూడని పేరు కనిపించిందా? ట్రాఫిక్ చలానా, ప్రభుత్వ పథకం అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ల ద్వారా దొంగ యాప్‌లు చొరబడతాయి. ఓటీపీలను చదివి ఖాతా ఖాళీ చేయగలవు. వెంటనే ఇంటర్నెట్ ఆపి, యాప్‌ను తొలగించి, బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.