కన్ను – చెవి – మెదడు

కంటికి కనిపించినదీ చెవికి వినిపించినదీ పొసగనప్పుడు మెదడు దేనిని నమ్ముతుంది? 1976లో బ్రిటన్‌కు చెందిన మనస్తత్త్వ శాస్త్రవేత్తలు హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ ఈ విషయాన్ని పరీక్షించారు. ఒక స్త్రీ ‘గ’ అని పలుకుతున్న దృశ్యానికి ‘బ’ అనే ధ్వనిని జోడించి ప్రదర్శించారు. చూసిన పెద్దలలో దాదాపు అందరికీ వినిపించినది ‘బ’ కాదు, ‘గ’ కాదు; ‘డ’! కళ్లు మూసుకుంటే మాత్రం ‘బ’ అనే వినిపించింది.

‘బ’ పలకాలంటే పెదవులు కలవాలి. దృశ్యంలో అవి కలవలేదు. వినవచ్చిన ధ్వని ‘గ’కు సరిపోలేదు. అందువల్ల మెదడు రెండింటికీ సమీపమైన ‘డ’ను ఎంచుకొంది. ఇదే ‘మెక్‌గర్క్ ప్రభావం’. రహస్యం తెలిసిన తరువాత కూడా సాధారణంగా ఈ భ్రాంతి తొలగదు.

అయితే ప్రతిసారీ కంటిదే పైచేయి కాదు. మాట్లాడే బొమ్మ ఆటలో స్వరం బొమ్మ నోటినుండే వస్తున్నట్లు తోస్తుంది. స్థానాన్ని గుర్తించడంలో కన్ను మేటి. కాని ఒక్కసారి మెరిసిన కాంతికి తోడుగా రెండు చిన్న శబ్దాలు వినిపిస్తే, కాంతి రెండుసార్లు మెరిసినట్లు కనిపిస్తుందని 2000లో ప్రకటితమైన ప్రయోగం నిరూపించింది. కాలభేదాన్ని పసిగట్టడంలో చెవి మేటి. ఏ సందర్భంలో ఏ ఇంద్రియం ఎక్కువ నమ్మదగినదో, దాని సాక్ష్యానికే మెదడు ఎక్కువ విలువ ఇస్తుంది.

రద్దీగా ఉన్న రైల్వేస్టేషనులో ఎదుటివారి పెదవుల కదలికే మాటను అందిస్తుంది. 2020లో ముఖాలకు మాస్కులు వచ్చినప్పుడు, వినికిడి లోపం గలవారు ఆ ఆధారాన్ని కోల్పోయి ఎంతో ఇబ్బంది పడ్డారు. ప్రయోగశాలలో మనలను మోసగించే గుణమే నిత్యజీవితంలో మనకు అండ.