ట్రాలీ ఇరుసుకు సరిపడు బ్రేకులు ఎన్నుకొనుట

పత్తి తీతలు, వరి కోతలు మొదలైనది లగాయతు కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతములలో ట్రాక్టరు ట్రాలీలకు తీరిక యుండదు. జమ్మికుంట, ఆదిలాబాద్ మార్కెట్లకు పత్తి, కొనుగోలు కేంద్రములకు ధాన్యము వీనిమీదనే చేరును. ట్రాక్టరును శ్రద్ధతో బాగు చేయించు రైతులు కూడ ట్రాలీ బ్రేకులను మరచుట కలదు.

ఖాళీ ట్రాలీ ఒకటిన్నర టన్ను, అందలి ధాన్యము 5 టన్నులు అనుకొందము. అప్పుడు 2 టన్నుల ట్రాక్టరు వెనుక ఆరున్నర టన్నులు వచ్చుచున్నవన్నమాట. నిర్మల్ వద్ద మహబూబ్ ఘాట్ వంటి వాలు దిగునప్పుడు ట్రాక్టరు బ్రేకు మాత్రమే నొక్కినచో, వెనుక బరువు ట్రాక్టరును త్రోసి అడ్డముగా త్రిప్పివేయవచ్చును. కావున ట్రాలీ బరువును ట్రాలీ బ్రేకులే ఆపవలెను.

అరిగిన బ్రేకు సెట్టును మార్చునప్పుడు "5 టన్నుల ట్రాలీకి ఇమ్ము" అని అడిగిన చాలదు. ఒకే బరువు మోయు ఇరుసులకు కూడ తయారీదారులు వేర్వేరు కొలతల బ్రేకులు బిగించుదురు. ఇరుసు గొట్టముపై తయారీదారు రేకు ఉన్నచో దానిపై గల నంబరు వ్రాసికొనవలెను. రేకు లేనిచో ఈ క్రింది కొలతలు మిల్లీమీటర్లలో తీయవలెను.

1. డ్రమ్ము లోపలి వ్యాసము: షూ రాయు చోటు అరిగి వెడల్పగును గనుక, అంచున అరగని చోట కొలువవలెను. 300 మి.మీ. డ్రమ్ముకు 305 మి.మీ. షూలు అమరవు.

2. షూ వెడల్పు.

3. వెనుక పళ్లెము బోల్టులు: వాని సంఖ్య, రంధ్రముల వ్యాసము, ఎదురెదురు రంధ్రముల మధ్య దూరము. నాలుగు రంధ్రములు చదరముగా ఉన్నప్పుడు ప్రక్క ప్రక్క రంధ్రముల దూరము 90 మి.మీ. అయినచో, ఎదురెదురు దూరము సుమారు 127 మి.మీ. అగును. ఈ రెంటిని తారుమారు చేయరాదు.

4. పళ్లెము నడిమి రంధ్రము.

5. పళ్లెము బిగించు చోటినుండి డ్రమ్ము ఆను చోటివరకు గల దూరము. ఇది తప్పినచో డ్రమ్ము పళ్లెమునకు రాచుకొనును, లేదా షూ డ్రమ్ము అంచు దాటిపోవును.

కుడి, ఎడమ సెట్లు వేరు. రెండును ఒకేసారి మార్చవలెను. ఒక ప్రక్క మాత్రమే మార్చినచో ట్రాలీ ఆ ప్రక్కకు లాగవచ్చును. లీవరుతో పనిచేయు బ్రేకా, నూనె ఒత్తిడి బ్రేకా, గాలి బ్రేకా అన్నది చూచి, ట్రాక్టరుకు తగిన కనెక్షను ఉన్నదో లేదో నిర్ధారించుకొనవలెను. బ్రేకు ఆయిలుకు చేసిన రబ్బరు సీళ్లు ట్రాక్టరు హైడ్రాలిక్ ఆయిలు తగిలిన ఉబ్బి చెడిపోవును.

పాత సెట్టు విప్పి, దుకాణమునకు తీసికొనిపోయి ప్రక్కన పెట్టి పోల్చుట మేలు. కుదరని పళ్లెమునకు కొత్త రంధ్రములు పొడుచుట, ఇరుసుకు ఊరి వెల్డింగు షాపులో పట్టీలు అతికించుట ప్రమాదకరము. అతుకు వద్ద ఇరుసు బలహీనపడి, నిండు బరువుతో పోవునప్పుడు విరుగవచ్చును. అసలు బ్రేకులే లేని ఇరుసైనచో, బ్రేకులతో కూడిన ఇరుసునే మార్చుట క్షేమము. పాత లైనింగు ధూళిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చును గనుక నోటితోగాని, గాలి పంపుతోగాని ఊదక తడిగుడ్డతో తుడువవలెను. గ్రీజు తగిలినచో ముందు సీలు మార్చి, లైనింగు కూడ మార్చవలెను.

బిగించిన పిదప ట్రాలీని జాకీపై లేపి, చక్రము సులభముగా తిరుగుచున్నదా, బ్రేకు వేయగానే నిలుచుచున్నదా చూడవలెను. తరువాత సమనేలపై ఖాళీ ట్రాలీతో మెల్లగా నడిపి పరీక్షించి, రెండు చక్రములు సమముగా ఆగినప్పుడే బరువెత్తవలెను.

గ్రామాధికారులు కోతలకు ముందే రైతు వేదికలలో ఈ సంగతి చెప్పి, ట్రాలీ యజమానులచే కొలతలు వ్రాయించి ఉంచినచో, సీజనులో తొందరపడి దొరికిన సెట్టు బిగించు అవస్థ తప్పును.