లేతు ఉల్టా తిరిగితే చక్ ఎందుకు ఊడుతుంది

తుగ్గలి, పత్తికొండ, ఆలూరు వైపు బోరు మోటారు ఉన్న రైతులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ మార్చాకో, తెగిన లైను అతికించాకో స్విచ్ వేస్తే ఒక్కోసారి మోటారు తిరుగుతుంది గానీ నీళ్ళు సరిగా రావు. మూడు ఫేజుల్లో రెండు తారుమారయ్యాయి, మోటారు ఉల్టా తిరుగుతోంది. స్టార్టర్ దగ్గర రెండు వైర్లు అటూ ఇటూ మారిస్తే సరిపోతుంది. అదే లైను మీద డ్రైవు లేకుండా నేరుగా నడిచే వడ్రంగి లేతు కూడా ఆ రోజు ఉల్టానే తిరుగుతుంది. కట్టెను పట్టుకుని ఉండే ఉక్కు చక్ అప్పుడు స్పిండిల్ (మోటారు తిప్పే ఇరుసు) మీద నుంచి మర విప్పుకుంటూ బయటికి రావచ్చు. పూర్తిగా ఊడాక అది బెడ్డు మీద పడి ఎటు ఎగురుతుందో చెప్పలేం.

లేతు పుట్టినప్పుడు ఈ ప్రమాదం లేదు. ఎందుకంటే అప్పటి లేతు ఎప్పుడూ రెండు వైపులా తిరిగేది.

ఈజిప్టులో పెటోసిరిస్ అనే పూజారి సమాధి ఉంది. క్రీ.పూ. 300 ప్రాంతానిది. దాని గోడ మీద ఇద్దరు పనివాళ్ళు లేతు పట్టే దృశ్యం చెక్కి ఉంది. ఒకడు కట్టెకు చుట్టిన తాడును లాగుతుంటాడు, రెండోవాడు ఉలి ఆనిస్తాడు. కవ్వం ఎలా తిరుగుతుందో ఆ కట్టె అలాగే తిరుగుతుంది: తాడు ఒక కొస లాగితే ముందుకు, రెండో కొస లాగితే వెనక్కి. కట్టె ఉలి వైపు తిరిగేటప్పుడే కోత పడుతుంది, వెనక్కి పోయేటప్పుడు పనివాడు ఉలిని కాస్త ఎడం చేస్తాడు. సగం శ్రమ వృథాయే. అయినా కట్టె రెండు మొనల మధ్య బిగించి ఉండేది కాబట్టి ఎటు తిప్పినా ఊడిపోవడానికి అందులో మర అన్నదే లేదు.

   

మన రాష్ట్రంలో లేతు పనికి పేరున్న ఊరు అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాక. అంకుడు కర్రతో, లక్క రంగులతో చేసే అక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. చేతి లేతు రోజుల్లో ఒకరు తాడు లాగితే ఒకరు ఉలి పట్టేవారు. తిరిగే కట్టెకు లక్క కడ్డీని గట్టిగా ఆనిస్తే రాపిడి వేడికే లక్క కరిగి కట్టెకు పట్టుకుంటుంది. పొయ్యి అక్కర్లేదు. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుపు వస్తుంది. ఇంత నాజూకైన పని ఆగి ఆగి తిరిగే కట్టె మీద చేసిన చేతులు ఎంత ఓపికవో ఆలోచించండి. కరెంటు మోటారు వచ్చాక వేగం నిలకడగా దొరికింది, తాడు లాగే మనిషి అవసరం తప్పింది.

నిలకడగా ఒకే వైపు తిప్పాలన్న కోరిక మాత్రం మోటారు కంటే చాలా పాతది. కాలితో తొక్కితే క్రాంకు, బరువైన చక్రం కలిసి ఆగకుండా తిప్పే లేతును లియొనార్డో డావిన్చీ కాగితం మీద గీసి పెట్టాడు. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్స్లే మరలను కచ్చితంగా కోసే లేతును తయారుచేశాడు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ మరలకు ఒక ప్రమాణం ఉండాలని ప్రతిపాదించాడు. అంతకుముందు ఒక కార్ఖానా నట్టు మరో కార్ఖానా బోల్టుకు ఎక్కేది కాదు. ప్రమాణం కుదిరాక, ఒక చోట చేసిన చక్‌ను ఇంకో చోట చేసిన లేతుకు తగిలించడం సాధ్యమైంది.

ఆ తగిలించడమే ఈ కథకు కీలకం. గిన్నె లోపల తొలవాలంటే కట్టెను ఒక కొసనే పట్టుకోవాలి, రెండో కొస ఖాళీగా ఉండాలి. అందుకు చక్ కావాలి. చక్‌ను స్పిండిల్‌కు బిగించడానికి అన్నిటికంటే తేలికైన దారి మర. ఇక్కడ ఒక గొప్ప తెలివి ఉంది. లేతు మామూలుగా తిరిగేటప్పుడు స్పిండిల్ చక్‌ను ముందుకు తోస్తుంది, ఉలి దాన్ని వెనక్కి పట్టి ఆపుతుంది. ఈ పెనుగులాటలో కుడిచేతి మర ఇంకా లోపలికి బిగుసుకుంటుంది. పని ఎంత బరువైతే పట్టు అంత గట్టిది. వేరే తాళం అవసరం లేకుండా పనే తాళం వేస్తుంది.

అదే మర ఉల్టా తిరిగితే లెక్క తలకిందులవుతుంది. స్పిండిల్ వెనక్కి కదులుతుంది, బరువైన చక్ ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది, మర వదులవుతుంది. ఇప్పుడు ఎక్కువగా కనిపించే పెద్ద స్పిండిల్ కొలత 33 మిల్లీమీటర్ల వ్యాసం, ఒక్కో చుట్టుకు 3.5 మిల్లీమీటర్లు. చక్ 25 మిల్లీమీటర్ల మేర ఎక్కి ఉందనుకుంటే పూర్తిగా ఊడడానికి సుమారు ఏడు చుట్లు చాలు. నిమిషానికి 1000 చుట్ల వేగంలో ఉలి ఇరుక్కుని చక్ ఆగిపోతే, ఆ ఏడు చుట్లకు అర సెకను కూడా పట్టదు. అదే వేగంలో 250 మిల్లీమీటర్ల గిన్నె అంచు గంటకు 47 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి దొరకదు.

ఇంత ప్రమాదమైతే ఉల్టా ఎందుకు తిప్పాలి? శాండ్‌పేపర్ కోసం. ఒకే వైపు రుద్దితే కట్టె పీచు ఆ వైపే వాలి పడుకుంటుంది, కాగితం దాని మీద నుంచి జారిపోతుంది. వెనక్కి తిప్పితే వాలిన పీచు లేచి నిలబడుతుంది, అప్పుడు తెగుతుంది. ముఖ్యంగా గిన్నెలో పీచుకు అడ్డంగా కోత పడిన చోట ఈ తేడా వేలితో తడిమితే తెలుస్తుంది. వేగం మార్చే డ్రైవులు వచ్చాక ఉల్టా తిప్పడం ఒక మీట నొక్కినంత సులువైంది. చేతి లేతుకు సహజంగా ఉన్న రెండో దిశ అలా తిరిగొచ్చింది. ఆ దిశకు పనికిరాని మర మాత్రం అలాగే ఉండిపోయింది.

దీనికి మందు చిన్నదే. చక్ మెడలో తల లేని ఒక గ్రబ్ స్క్రూ, ఒక్కోసారి రెండు, ఉంటాయి. స్పిండిల్ మీద మర వెనకాల నున్నటి భాగంలో ఒక గాడి ఉంటుంది. ముందు చక్‌ను స్పిండిల్ భుజానికి ఆనేదాకా చేత్తో తిప్పి బిగించాలి, ఆ తర్వాతే అలెన్ కీతో గ్రబ్ స్క్రూను గాడిలోకి దించాలి. వరుస తప్పితే చక్ భుజానికి ఆనకుండా స్క్రూ మీద వేలాడుతుంది, కొట్టుకుంటుంది. స్క్రూను నేరుగా మర మీదికి బిగిస్తే ఆ చుట్లు నలిగి, తర్వాత చక్ ఎక్కదు, దిగదు. అందుకే స్క్రూ కొనకు ఇత్తడి ముక్క పెడతారు. ఉల్టా తిప్పేటప్పుడు తక్కువ వేగంతో మొదలుపెట్టాలి. వీలైనంతవరకు, చక్‌కు ఎదురుగా బెడ్డు మీద ఉండే టెయిల్‌స్టాక్‌ను కట్టెకు ఆనించి ఉంచాలి. అది ఆని ఉన్నంతసేపూ చక్ ముందుకు జరగడానికి చోటుండదు.

ఉల్టా అసలు తిప్పనివాళ్ళకు కూడా ఒక హెచ్చరిక ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. మామూలు దిశలో జోరుగా తిరుగుతున్న లేతును డ్రైవు గబుక్కున ఆపితే స్పిండిల్ ఆగుతుంది, బరువైన చక్ ఆగదు. తన ఊపులో ముందుకే పోతూ మర విప్పుకుంటుంది. బ్రేకు సమయాన్ని నాలుగైదు సెకన్లకు పొడిగించి పెట్టుకోవడం మంచిది. మూడు ఫేజుల లైను మీద మరమ్మతు జరిగిన రోజు చక్ తీసేసి, ఖాళీ స్పిండిల్‌ను ఒకసారి తిప్పి దిశ చూసుకోవాలి.

ఇనుప పని చేసే లేతులవాళ్ళలో చాలామంది మరనే వదిలేశారు. చక్ వెనక ఉన్న పిన్నులు స్పిండిల్ ముక్కులోకి దిగుతాయి, క్యాములు వాటిని లాగి బిగిస్తాయి, ఇక ఏ దిశ అయినా ఒకటే. కానీ ఆ ఏర్పాటు బరువు, ఖరీదు. వడ్రంగికి చక్ గబగబా మారాలి, ధర అందుబాటులో ఉండాలి, అందుకే కట్టె లేతుల్లో మర ఇంకా బతికి ఉంది. గాడి లేని పాత స్పిండిల్ ఉన్నవాళ్ళు మంచి టర్నర్ చేత గాడి కోయించుకోవచ్చు. కోయించుకునేదాకా, టెయిల్‌స్టాక్ ఆనని ఏ పనినీ ఆ లేతు మీద ఉల్టా తిప్పకూడదు.