సొంతంగా తయారు చేసే చేతి లేజర్లు - కంటికి పొంచి ఉన్న ప్రమాదం

ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామాలలో వరి, మొక్కజొన్న చేలను అడవి పందుల బారి నుంచి కాపాడుకోవడానికి రైతులు మంచెలపై రాత్రులు కాపలా కాయడం పరిపాటి. టార్చి వెలుగు చేరని దూరానికి లేజర్ కాంతిని పంపవచ్చునన్న ఆలోచన సహజంగానే కలుగుతుంది. పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనలకు సైతం ఇది ఆకర్షణీయమైన అంశం. పాత డీవీడీ రైటర్‌లోని లేజర్ డయోడ్, లిథియం సెల్, టార్చి గొట్టం ఉంటే పరికరం సిద్ధమవుతుంది. అయితే దాని నుంచి వెలువడే శక్తి ఎంతో తయారు చేసిన వారికే తెలియకపోవడం ఇందులోని అసలు ప్రమాదం.

అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం రెండవ తరగతి లేజర్ శక్తి 1 మిల్లీవాటుకు మించరాదు. ఆ స్థాయిలో 0.25 సెకనులో అసంకల్పితంగా పడే రెప్ప కంటిని కాపాడగలదు. డీవీడీ రైటర్‌లోని ఎర్ర డయోడ్ 200 మిల్లీవాట్ల వరకు వెలువరించగలదు. అంతటి కాంతి ముందు రెప్పపాటు ఆలస్యమే. కంటి కటకం ఆ కిరణాన్ని రెటీనాపై సూది మొనంత బిందువుగా కేంద్రీకరించడంతో తీవ్రత దాదాపు లక్ష రెట్లు పెరుగుతుంది. రెటీనాకు నొప్పి తెలియదు గనుక, చూపు మధ్యలో నల్లమచ్చ ఏర్పడిన తరువాతనే గాయం బయటపడుతుంది. చీకటిలో కనుపాప విప్పారి ఉండడం వల్ల రాత్రి కాపలాలో ముప్పు మరింత ఎక్కువ. తడిసిన ఆకు, బిందె, సైకిల్ హ్యాండిల్ వంటి నునుపైన వాటిపై పడి తిరిగివచ్చిన కిరణం కూడా హాని చేయగలదు.

చవకరకం ఆకుపచ్చ లేజర్లది వేరొక సమస్య. వాటిలో 808, 1064 నానోమీటర్ల పరారుణ కిరణాల నుంచి 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి ఉత్పత్తి అవుతుంది. పరారుణ వడపోత లేకపోతే కంటికి కనిపించని కిరణాలు కూడా వెలువడతాయి. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 2010లో పరీక్షించిన ఒక పాయింటర్‌లో ఈ లోపం బయటపడింది. మామూలు చలువ కళ్లద్దాలు వీటి నుంచి రక్షణ ఇవ్వవు. ఆయా తరంగదైర్ఘ్యానికి నిర్దేశించిన రక్షణ కళ్లద్దాలే ధరించవలసి ఉంటుంది.

శాశ్వత అంధత్వం కలిగించేందుకు రూపొందించిన లేజర్ ఆయుధాలను 1995 నాటి ఐక్యరాజ్యసమితి ప్రోటోకాల్ యుద్ధంలో సైతం నిషేధించింది. జంతువుల కంటికీ ఇదే హాని. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం వన్యప్రాణి శరీర భాగాన్ని గాయపరచడం సైతం వేట నిర్వచనం కిందకే వస్తుంది.

ప్రదర్శనలకు అనుమతినిచ్చే ఉపాధ్యాయులు లేజర్ తరగతి, మిల్లీవాట్లు, తరంగదైర్ఘ్యం తెలిపే చీటీ లేని పరికరాన్ని స్వీకరించకపోవడం ఉత్తమం. విలేఖరులు సైతం ప్రమాద వార్తలలో ఈ మూడు వివరాలను పేర్కొంటే వైద్యులకు ఉపయోగకరం. కిరణం కంటిలో పడిన వారు కన్ను నలపకుండా, నొప్పి లేదని ఊరుకోకుండా, వెంటనే నేత్ర వైద్యునిచే రెటీనా పరీక్ష చేయించుకోవలెను.